లీకు ఉన్నచోట కారదు

“బ్రేకు పెడలు కాలికి తెలీడం లేదురా అబ్బాయ్.”

మే నెల ఆఖర్లో నాన్న ఫోన్ చేసి అన్న మాట ఇది. అంతకు మించి చెప్పలేదు. మిగతాది అమ్మ ఫోను లాక్కుని చెప్పింది. పది రోజుల్లో కారు ఒకసారి గేటు స్తంభాన్నీ, ఒకసారి గేదెల కుడితి తొట్టినీ పలకరించి వచ్చిందట.

“తొట్టి పగిలిందా?”

“రాతి తొట్టి, దానికేమవుద్ది? కారు మూతే సొట్టబోయింది. అడిగితే బ్రేకు పడలేదంటాడు. నువ్వన్నా వచ్చి చూడు.”

పెడలు కాలికి తెలీకపోవడం అంటే ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. బ్రేకులో ఆయిలు తగ్గితే పెడలు మెత్తబడుతుంది. తొక్కితే ఎదురు రావాల్సింది, తడిసిన దూదిమూట మీద కాలు పెట్టినట్టు దిగిపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్తు బడుల్లో ఫిజికల్ సైన్సు చెప్పిన మనిషి కదా, లక్షణాన్ని ఎంత పొందిగ్గా చెప్పాడో అని మురిసిపోయాను. నా దగ్గరికొచ్చే పేషెంట్లలో ఇంత సూటిగా చెప్పేవాళ్లు పదిమందికి ఒక్కరుండరు. హైదరాబాదులో షుగరు వైద్యం నా బతుకుదెరువు. పాత కార్లు నా వ్యసనం. రెంటిలోనూ సగం పని అవతలివాడు చెప్పేది సరిగ్గా వినడమే.

“ఈ రాత్రికి కారు కింద పాత పేపర్లు పరిచి ఉంచు నాన్నా. నేను పొద్దున్నే వస్తా” అన్నాను.

డిక్కీలో అడుగున నా డాక్టరు బ్యాగు, మూడు నెలల మాత్రల సంచి. వాటిమీద పానాల పెట్టె, జాకీ, రెండు సీసాల బ్రేకాయిలు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డెక్కి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల సున్నపు బట్టీల తెల్లదుమ్ములోంచి నకరికల్లు అడ్డరోడ్డు చేరేసరికి ఎనిమిదిన్నర. అప్పటికే ఎండ పెళపెళలాడుతోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, పల్నాటిలో రోళ్లకంటే ముందు మనుషులు పగులుతారు.

కారు గురించి రెండు మాటలు చెప్పాలి. తెల్ల మారుతీ 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతీ తాళాలు అందించిన ఫొటోను నాన్న పేపర్లోంచి కత్తిరించి, తన ఫిజిక్సు పుస్తకంలో దాచుకున్నాడు. ఆ ఫొటోలోంచి కారు మా వాకిట్లోకి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. అదీ ఒకరు వాడి వదిలేసినది. కంపెనీ 2014 జనవరిలో ఆ బండి తయారీ ఆపేసింది. నాన్న ఆపలేదు. సాగర్ కుడికాలువ కట్ట మీద మా చేను దాకా, నరసరావుపేటలో బ్యాంకు దాకా, కార్తీక సోమవారాల్లో కోటప్పకొండ దాకా అదే బండి. 2022లో పల్నాడు జిల్లా అయి, పేట జిల్లా కేంద్రమయ్యాక గుంటూరు పోవాల్సిన పనులు తగ్గాయిగానీ, కోటప్పకొండ మాత్రం ఉన్నచోటే ఉంది. ఫోన్లో ‘బ్రేకు’ అన్న మాట వినగానే నా కళ్లముందు మెదిలింది ఆ ఘాటురోడ్డు దిగుడే.

నేను వెళ్లేసరికి నాన్న కారు పక్కన నిలబడి ఉన్నాడు. పేపర్లు పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి, స్కెచ్‌పెన్నుతో ‘ముందు’, ‘వెనుక’, ‘ఎడమ’, ‘కుడి’ అని రాశాడు. మేష్టారి బుద్ధి. పేపరు మీద ఒకే ఒక్క మరక, అరచేతంత. వెనక ఇరుసు మధ్యలో, ఏ చక్రానికీ దగ్గరగా లేకుండా.

బానెట్టు ఎత్తాను. మాస్టర్ సిలిండరు నెత్తిమీద ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ఆయిలు కింది గీతకు వేలెడు దిగువన ఉంది. రంగు డికాషను. కొత్త బ్రేకాయిలు పల్చటి తేనెలా ఉంటుంది. గాలిలో తేమను పీల్చుకోవడం దాని గుణం. ఏళ్లతరబడి మార్చకపోతే లోలోపల నీరు పట్టేస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. కాస్త నీరు పట్టిందంటే 140 దగ్గరే మరిగి ఆవిరి కడుతుంది. ఆయిలును నొక్కితే నొక్కుడు పడదు గనకే బ్రేకు పనిచేస్తుంది. ఆవిరిని నొక్కితే అదే ముడుచుకుని ఊరుకుంటుంది. కొండ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కేవాళ్లకు సగం దారిలో పెడలు నేలకంటడం వెనక సంగతి ఇదే.

ఆయిలు తగ్గకుండా పెడలు దిగుతుంటే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరే మోసం చేస్తోందని అర్థం. లైనర్లు అరిగితే డబ్బాలో మట్టం కొద్దిగా దిగుతుంది, అది రోగం కాదు. ఇక్కడ అరచేతంత సాక్ష్యం పేపరు మీద ఉంది. వేలితో తాకి చూశాను. జారుతోంది. నాలుగు చుక్కల నీళ్లు పోస్తే తేలిగ్గా కడుక్కుపోయింది. ఇంజనాయిలు అట్లా పోదు. బ్రేకాయిలే.

“ఇరుసు దగ్గర రబ్బరు గొట్టం చిట్లి ఉంటది” అని ప్రకటించాను.

వెనకనుంచి ఎవరో దగ్గారు. అడ్డరోడ్డు షెడ్డు మేస్త్రీ. కబురు పెట్టకుండానే వచ్చాడు. ఈయన నాన్న దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. పాస్కల్ నియమం రాయలేక సైన్సులో తప్పాడు. అప్పట్నుంచీ ఆ నియమంతోనే అన్నం తింటున్నాడు. నాన్న ఎదురుపడితే ఇప్పటికీ సిగరెట్టు వెనక్కి దాస్తాడు.

“లీకు ఉన్నచోట కారదు డాక్టరు బాబూ. కారినచోట లీకుండదు” అన్నాడు. “మీ వాకిలి ఎటు వాలుంది? ఆయిలు ఎటు పారింది? తడి వెంబడి ఎగువకు పోవాల. ఆడుంటది అసలుది.”

కారు కిందికి దూరాను. నిజమే. తడి గొట్టం దగ్గర మొదలవలేదు. ఇరుసు మీద సన్నటి గీతలాగా, దుమ్ము అంటుకుని నల్లని దారంలాగా, ఎడమ చక్రం వైపు వెళ్లింది. గొట్టం చెక్కుచెదరలేదు. ఎడమ వెనక చక్రం లోపలి అంచు, టైరు పక్క, అంతా చెమట పట్టినట్టుంది. 2018లో గోదావరి-పెన్నా అనుసంధానానికి మా నకరికల్లులోనే శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లు ఎక్కడాగాయో ఇంతవరకూ మా చేలకు తెలియదుగానీ, ఈ ఆయిలు ఎక్కడినుంచి బయల్దేరిందో మాత్రం పది నిమిషాల్లో తేలిపోయింది.

చక్రం విప్పి, రేకు మూత ఊడబీకి, పిన్ను లాగి, కిరీటంలా గాడులున్న నట్టు తిప్పి డ్రమ్ము పీకితే లోపల కళ్లాపి చల్లినట్టుంది. వీల్ సిలిండరు రెండు చివర్లా ఉండే రబ్బరు టోపీలు ఎత్తితే బొటబొటా కారింది. లైనర్లు నానిపోయాయి. నానిన లైనరును గరుకు కాగితంతో రుద్దినా, ఎండలో పెట్టినా దాని ప్రాణం తిరిగిరాదు, పారేయాల్సిందే. సిలిండరు లోపల వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంటే మన మెకానిక్కులు బకెట్లనే రబ్బరు బుడిపెలు రెండు మార్చి సరిపెడతారు. ఇక్కడ గుంటలు తగిలాయి. నీరు పట్టిన ఆయిలు లోహాన్ని తినేసింది. మొత్తం సిలిండరు మార్చాలి.

ఇన్ని రోజులు మరి బండి ఎట్లా ఆగింది? ఈ కారు బ్రేకు రెండు దారులుగా ఉంటుంది. ఒక ముందు చక్రానికి, ఎదురు మూలన ఉన్న వెనక చక్రానికి ఒక దారి. మిగతా రెంటికి ఇంకొకటి. ఒకటి ఎండిపోయినా రెండోది సగం బరువు మోస్తుంది. మనిషికి తెలియదు. పెడలు కాస్త కిందికి దిగిందనుకుంటాడు, కాలు కాస్త గట్టిగా నొక్కుతాడు, అలవాటు పడిపోతాడు. ఈ మాట నేను అంటే మేస్త్రీ తలూపాడు. “అదే ప్రమాదం బాబూ. పూర్తిగా పోతే ఆరోజే షెడ్డుకొస్తారు. సగం పోతే సర్దుకుంటారు.”

సామాన్లకు పక్కింటి కుర్రాణ్ణి బండి మీద పేట పంపించాం. రెండు వైపులకీ సిలిండర్లు, లైనర్లు తెమ్మని మేస్త్రీ పట్టుబట్టాడు. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుందన్నాడు. అదొక్కటే కాదు, “ఒక లీకు దొరికిందని సంబరపడి లేస్తే రెండోది వెనకనించి నవ్వుద్ది. నాలుగు చక్రాలూ చూడాల. మాస్టరు చూడాల. పెడలు కాడ చాప ఎత్తి చూడాల” అన్నాడు. చాప ఎత్తి చూశాను. పొడిగా ఉంది. ముందు రెండు డిస్కుల దగ్గరా చుక్క లేదు.

ఈలోగా డాక్టరు వచ్చాడన్న వార్త అడ్డరోడ్డు దాటింది. కుంకలగుంట నుంచి ఒకరు, చల్లగుండ్ల నుంచి ఇద్దరు, మా వీధివాళ్లు నలుగురు. రిపోర్టుల కవర్లు చంకలో పెట్టుకుని అరుగు మీద వరసగా కూర్చున్నారు. చేతులకు ఆయిలు. కిరోసిను వద్దనుకుని సబ్బుతో కడుక్కుని, బ్యాగు తీశాను. రక్తపోటు చూశాను, మాత్రలు మార్చాను, ఇద్దరి పాదాలు చూశాను. దానికి నా దగ్గర ఒక నైలాను దారం ఉంటుంది, సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేది. చూడ్డానికి చేపల గాలం ముక్కలా ఉంటుంది. మా వృత్తిలో అంతకంటే చవకైన పరికరం లేదు.

వరస చివర నీడ పడింది. తలెత్తి చూస్తే నాన్న, చేతులు వెనక్కి కట్టుకుని.

“వెలుతురుకు అడ్డం నాన్నా. కాస్త జరుగు.”

జరిగాడు.

అమ్మ టీ తెచ్చింది. స్టీలు గ్లాసులు అందరికీ, నాన్నకు విడిగా చక్కెర వేయని గాజు గ్లాసు. తాగుతూ మేస్త్రీ, నేనూ బ్రేకాయిలు గుణగణాల్లో పడ్డాం. దాని చుక్క బండి రంగు మీద పడి నిలవుంటే పెయింటు బొబ్బలెక్కి లేచిపోతుంది. వెంటనే నీళ్లు కొట్టాలి. “ఎన్నికలైపోయాక గోడల మీద పార్టీ రంగులు చెరపడానికి బాగుంటదే” అన్నాన్నేను. మేస్త్రీ నవ్వలేదు. పల్నాటిలో ఆ హాస్యం అందరికీ పనికిరాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వాకిలి పెనంలా ఉంది. మావి మాచర్ల నాపరాళ్లు. ఆ ఎండకు నీళ్లు చల్లితే చుయ్యిమంటాయి. పడిపోయిన పానా తెచ్చుకుందామని చెప్పుల్లేకుండా రెండడుగులు వేసి, కుప్పిగంతులు వేస్తూ అరుగెక్కాను. నాన్న మాత్రం ఆ రాళ్ల మీదే ఉత్తకాళ్లతో తాపీగా నడిచి వెళ్లి, గేదెను విప్పి, వేపచెట్టు నీడకు కట్టేసి, అంతే తాపీగా తిరిగొచ్చాడు. చేలో తిరిగిన తరం. ఆ అరికాళ్లు వేరు, మనవి వేరు అనుకున్నాను. మేస్త్రీతోనూ అన్నాను, కాస్త గర్వంగానే.

“చెప్పులు ఉంటేగా తొడుక్కోడానికి” అంది అమ్మ గడపలోంచి. “వేసవి మొదలయ్యాక ఇది మూడో జత. కాలువ కట్ట మీద ఒకటి, గుడి కాడ ఒకటి. ఒంటి చెప్పుతో ఇంటికొస్తాడు, రెండోది యాడబోయిందంటే మొహం చూస్తాడు.”

“వయసు కదమ్మా, మరుస్తాడు” అన్నాను, డ్రమ్ము లోపల గుడ్డ పెట్టి తుడుస్తూ.

సామాన్లు వచ్చేసరికి మూడు. ఎడమవైపు గంటన్నరలో ముగించాం. కొత్త రబ్బర్లకు కొత్త బ్రేకాయిలే పూసి ఎక్కించాలి. గ్రీజు, డీజిలు తగిలితే ఉబ్బి నాలుగు రోజుల్లో మళ్లీ కారతాయి. కుడివైపు విప్పేసరికి పొద్దు వాలింది. అక్కడ పిన్ను సతాయించింది. తుప్పు పట్టి నట్టులోనే అతుక్కుపోయింది. కటింగ్ ప్లయరుతో పట్టి గుంజితే టప్‌మని విరిగి, సగం నా చేతిలో మిగిలింది, సగం ఎటో ఎగిరింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కొత్త పిన్ను ఉంది, దానికేం లోటు లేదు. విరిగిన సగం డ్రమ్ములో పడి ఉంటే మాత్రం కొత్త లైనర్లను కోసేస్తుంది. ఆపరేషను బల్ల దగ్గర కుట్లు వేయబోయే ముందు గాజుగుడ్డలు, సూదులు లెక్కపెట్టే అలవాటు హౌసు సర్జనుగా ఉన్నప్పుడు ఒంటబట్టింది. లెక్క తేలందే మూత వేయను. డ్రమ్ము దులిపాను. రేకు మూత చూశాను. పాత రేడియో స్పీకరు అయస్కాంతం తెప్పించి దుమ్మంతా తిప్పాను. దానికి రెండు మేకులు, ఒక గుండుసూది, ఎప్పటిదో మా చెల్లెలి జడపిన్ను అంటుకున్నాయి, మా సగం పిన్ను లేదు. నాన్న కూడా టార్చి పట్టుకుని వంగి, కాలితో దుమ్ము కెలుకుతూ, కారు చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేశాడు.

“డ్రమ్ములో లేదు బాబూ, నా పూచీ” అన్నాడు మేస్త్రీ. “యాడో ఉంటది. పొద్దున కనబడుద్ది. బిగించండి.”

బిగించాను గానీ, మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఇక మిగిలింది ఎయిరు తీయడం. గొట్టాల్లో గాలి బుడగ ఒక్కటున్నా పెడలు మెత్తగానే ఉంటుంది. మాస్టరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. అంటే ఎడమ వెనకది. నిపులుకు నా బ్యాగులోని సెలైను పైపు తగిలించి, రెండో చివర ఖాళీ సీసాలో ముంచాను. లోపల కూర్చుని పెడలు తొక్కేవాడొకడు కావాలి. మేస్త్రీ లేవబోతే, “నేను తొక్కుతా” అని నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. డోము లైటు వెలగదు. టార్చి వెలుగంతా నా దగ్గరే.

“తొక్కు నాన్నా. పట్టు. పట్టే ఉంచు. ఆ, వదులు.”

పైపులో నల్లటి ఆయిలు, దానివెంట బుడగలు. మళ్లీ తొక్కు, పట్టు, వదులు. మధ్య మధ్య డబ్బాలో కొత్త ఆయిలు పోయడం మేస్త్రీ పని. డబ్బా ఎండితే గాలి మళ్లీ మొదటికొస్తుంది. నాన్నకు హుషారొచ్చింది. లోపల్నుంచే పాఠం మొదలుపెట్టాడు. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పోతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. “ఇక్కడ నొక్కితే అక్కడ తెలవాల. తెలవలేదంటే మధ్యలో ఏదో తెగినట్టు. రాసుకో” అన్నాడు మేస్త్రీతో. “రాసుకున్నా మేష్టారూ, ముప్పై ఏళ్లకి” అన్నాడు ఆయన.

ఒకసారి ‘తొక్కు’ అన్నాక పైపులో ఏమీ కదల్లేదు. తల బయటపెట్టి చూశాను. నాన్న టార్చి అడుగుతున్నాడు.

“టార్చి ఎందుకు?”

“పెడలు మీద కాలుందో లేదో చూడొద్దా?”

“రోడ్డు మీద కూడా ఇట్లాగే కిందికి చూసి తొక్కుతావా ఏంది? పైకి చూడు నాన్నా” అని కసిరాను. చీకటి, దోమలు, ఆ దొరకని పిన్ను. విసుగ్గా ఉంది. నాన్న ఏమీ అనలేదు. తడుముకుని తొక్కాడు. ఆయిలు కదిలింది.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఎనిమిది దాటింది. సీసాలో డికాషను నిండింది, పైపులో తేనె రంగు నిలిచింది. పెడలు తొక్కి చూశాను. సగంలోనే రాయిలా ఆగింది. అడ్డరోడ్డు దాకా నడిపి, రెండుసార్లు గట్టిగా బ్రేకు కొట్టాను. బండి గీత గీసినట్టు ఆగింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, అన్నంలో మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు నంజుకుని తిన్నాను. చేత్తో చేసిన పనికి ఉండే తృప్తి మందుచీటీ రాస్తే రాదు. కారు కింద మళ్లీ కొత్త పేపర్లు పరిచి, ఇటుకలు పెట్టి, మేడ మీద పడుకున్నాను.

లేచేసరికి ఏడయింది. కిందికి దిగి ముందుగా పేపర్లు చూశాను. కరకరలాడుతున్నాయి. ఒక్క చుక్క లేదు. కారు మాత్రం ఇటుకలకు అవతల, గేటు పక్కన నిలబడి ఉంది.

“తెల్లారేసరికే తీసుకుని కాలువ దాకా పోయొచ్చాడు” అంది అమ్మ వంటింట్లోంచి. “బ్రేకు బ్రహ్మాండంగా ఉందంట. వేపచెట్టు కింద పడుకున్నాడు.”

నా పనితనాన్ని నేనే ఇంకోసారి చూసుకుందామని కారు తలుపు తీశాను. పెడలు కింద చాప మీద తడి. రూపాయి బిళ్లంత కాదు, పేపరు మీద నిన్నటి మరకంత. పెడలు రబ్బరు గాడుల్లోనూ నల్లగా మెరుస్తోంది.

గుండె జారింది. మాస్టర్ సిలిండరు వెనక రబ్బరు పోతే ఆయిలు తోపుడు కడ్డీ వెంబడి లోపలికి దిగి, సరిగ్గా అక్కడే, పెడలు మీదే కారుతుంది. నిన్న పొడిగా ఉన్న చాప. కొత్త ఆయిలు, పూర్తి ఒత్తిడి, ముసలి రబ్బరు తట్టుకోలేకపోయింది. రెండో లీకు వెనకనుంచి నవ్వుతోంది. మేస్త్రీకి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెడుతూ, రెండో చేత్తో అలవాటుగా వేలు అద్ది రుద్దాను.

జారలేదు.

బంకగా ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి చాప మీద పోశాను. నీళ్లు తేనె రంగుకు రాలేదు, డికాషను రంగుకూ రాలేదు. పారాణి నీళ్లలా ఎర్రగా పారాయి.

తలుపు కింద నాపరాయి మీద ఒక చుక్క. ముందు రాయి మీద ఇంకోటి. ఆ తర్వాత ఒక రాయి వదిలి మరొకటి, ప్రతిసారీ కుడి అడుగు పడాల్సిన చోట. మొదటివి ఎండకు అప్పుడే నల్లబడుతున్నాయి, చెట్టు దగ్గరికి పోయేకొద్దీ పచ్చిగా ఉన్నాయి. తడి వెంబడి వంగి నడుచుకుంటూ పోయాను.

నాన్న నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. కుడికాలు పట్టెకు అవతల వేలాడుతోంది. బొటనవేలి కింద కండలో, తుప్పు రంగులో, నేను రాత్రి వెతికిన సగం పిన్ను తల.

నేల మీద చతికిలబడి, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పిన్ను పక్కన వేలితో నొక్కాను. గట్టిగా నొక్కాను. మడమ మీద, వేళ్ల మీద, చీలమండ పైన. 10 గ్రాములు కాదు, నా బలమంతా.

అమ్మ టీ గ్లాసులతో గడపలోకి వచ్చి ఆగిపోయింది. “ఇదేందిరా, పొద్దున్నే నాన్న కాళ్లు పడుతున్నావు?”

నాన్న కళ్లు తెరవకుండానే నవ్వాడు.

“ఎవరే, వాడా? వాడింకా మేడ దిగినట్టు లేదు. నా కాళ్లు ఎవరూ పట్టుకోలేదే!”